ఎనిమిది గంటల మూల

పటం గీసింది నేను. పేరు 'ఉప్పుమడి'.
మోక్పో రేవు దగ్గర, చేపల గిడ్డంగి కింద,
నేలమాళిగలోని కంప్యూటర్ గదిలో
ఆరు వారాలుగా దాని మీదే పంచాయతీ.

యుద్ధపటాన్ని మేం గడియారంలా చదువుతాం.
ఒక సైన్యం రెండు గంటల మూల పుడుతుంది,
ఇంకొకటి ఎనిమిది గంటల మూల.
మధ్యలో మడులు, మడుల మధ్య గట్లు,
ఒక్క ఇరుకు దారి.

"ఇరుకంటే మరీ ఇంత ఇరుకా?" అంటాడు మో గ్యు-సంగ్,
నూడుల్స్ కప్పు మూత లేవకుండా పుల్లలు బరువు పెట్టి.
"మూడు ట్యాంకులు అడ్డం నిలిపితే
చీమల బారు కూడా దణ్ణం పెట్టి వెనక్కి పోవాలి."
ఓడిన ప్రతి రాత్రీ అతనికి ఒక కొత్త కొండ అడ్డొస్తుంది.
ఆడలేక మద్దెల ఓడు అనబోయి ఊరుకున్నాను,
మద్దెల నేను చేసిందే కదా.

బ్యోన్ హే-రాన్ మాట్లాడదు, నోట్‌బుక్ తిప్పుతుంది.
నర్సింగ్ చదువు; జ్వరాల పట్టికలాగే గీసింది:
ఆటలు రెండువందల పన్నెండు.
రెండు గంటల మూల గెలిచినవి నూట పదిహేడు.
ఎనిమిది, తొంభై అయిదు.
"జబ్బుంది," అంది. "ఎక్కడో తెలీదు."

పగలు నేను ప్యాంట్లు కురచ చేసే దుకాణంలో పనిచేస్తాను.
ఏ మనిషికీ రెండు కాళ్ళూ ఒకే పొడవుండవు.
టేపు పట్టినవాళ్ళకి తెలుసు, చెప్పం.
రాత్రి వచ్చి పటాన్ని గుడ్డలా తెర మీద పరుస్తాను.
ఇరుకు దారిని ఒక మనిషి వెడల్పు విప్పాను;
ఆ వారమంతా పురుగుల సైన్యం వరదై పారింది.
మళ్ళీ కుట్టేశాను.
బండరాయిని ఒక్క గడి జరిపాను;
ఎగిరే దళాలకి దాని వెనక దాక్కునే చోటు దొరికింది.
పొట్టి దుప్పటి. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల.

ఒక తెల్లవారుజామున, అందరూ వెళ్ళాక,
స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకే ఒక్క కూలీని చూస్తూ కూర్చున్నాను.
యుద్ధం లేదు. వాడు గ్యాస్ బావికి వెళ్తాడు, వస్తాడు.
రెండు గంటల మూల తిన్నగా వస్తాడు.
ఎనిమిదిలో బావి ఎడమ పక్క; గోడ చుట్టి వస్తాడు.
రెప్పపాటు. అంతే.
రెప్పపాట్లన్నీ కూడితే
పది నిమిషాలకి ఒక సైనికుడు తక్కువ.

కొండనీ, బురదనీ, దారినీ తిట్టారు;
ఈ కూలీ నడకని ఒక్కరూ తిట్టలేదు.

బావిని అర గడి జరిపాను. ఎవరికీ చెప్పలేదు.
నెల తిరిగేసరికి హే-రాన్ నోట్‌బుక్‌లో
రెండు అంకెలూ భుజాలు రాసుకుంటున్నాయి.
గ్యు-సంగ్ మాత్రం, మడుల తెలుపు
కళ్ళలో పొడుస్తోంది, అందుకే ఓడానంటున్నాడు.

మిగిలింది కూక్ గారు.
దీవుల పడవకి టికెట్లు చింపే మనిషి, అరవై దాటాయి.
ఎవరూ కోరని ఎనిమిది గంటల మూలని
అడిగి మరీ తీసుకునేవారు,
గెలిచేవారు కూడా.
ఈ నెల వరసగా ఓడుతున్నారు.

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ మెడకి దించుకుని
నా వైపు తిరగకుండానే అడిగారు:
"బావి జరిపావు కదూ?"

ఊఁ అన్నాను.

"ఒకడు తక్కువని నాకు మొదటి వారమే తెలుసు.
వాడు లేని చోటు చూసుకునే
మిగతావాళ్ళని నిలబెట్టేవాణ్ణి.
ఇప్పుడు వాడొచ్చాడు."

తెర మీద, ఇరుకు దారికి ఇవతల,
ఒక సైనికుడు తుపాకీ భుజాన వేసుకుని
అటూ ఇటూ చూస్తున్నాడు.

"వీణ్ణెక్కడ పెట్టను?" అన్నారు కూక్ గారు.