బోర్లించిన బండ

తాడిపత్రిలో కాలవనీళ్లు తెల్లగా పారతాయి.
పాలిష్ మిషన్ కిందనుంచి వచ్చే బండపాలు
ఎండి, గాలికి లేచి
మా తువ్వాలలో, సంగటిముద్దలో, దగ్గులో ఉంటాది.
ఇరవైరెండేండ్లు ఆ నీళ్లలో చేతులు పెట్టినోన్ని.
పేరు కుళ్లాయప్ప. చదువు ఆరు, అదీ సగం.

ఓపెన్ టెన్త్ కట్టేకి పోతే
కంప్యూటర్ కాడి పిల్లోడు బొటనేలు పెట్టమన్నాడు.
పెట్టినా.
తుడ్చి పెట్టమన్నాడు. తుడ్చి పెట్టినా.
కొబ్బరినూనె రాసినాడు, చూపుడేలు అన్నాడు,
ఎడమచెయ్యి అన్నాడు, పది ఏళ్లూ అయిపాయ.
"గీతలు లేవు మామా" అన్నాడు, తప్పు తనదైనట్లు.

గీతలు యాడికి పొయ్యినాయో నాకు తెలుసు.
ఎవురెవురి వరండాల్లోనో మెరుస్తాంటాయి.

మా నాయన బతికినన్నాళ్లూ ఏలిముద్రే.
సొసైటీ అప్పు కాడ, పొలం అమ్మిన కాడ,
నల్లగా, నిండుగా, ఎవురూ కాదనలేని ముద్ర.
నాకు అది గూడా మిగల్లేదు.
"అయితే సంతకం చెయ్యి మామా."
ఆ పొద్దు చేసింది నా సంతకమేనంటే
ఇప్పుడు నేనే ఒప్పుకోను.

ఆదివారం, జూనియర్ కాలేజీ వెనక గది.
బల్లలు చిన్నవి, మోకాళ్లు పట్టవు.
నా పక్కన నాగలచ్చుమ్మ, అంగన్‌వాడీలో ఆయా,
టీచరమ్మ కుర్చీకి ఒక్క కాగితం దూరంలో ఉంది.
ముందు బల్లలో ఖాజా, పదిహేడేండ్లు,
లెక్కల్లో మూడుసార్లు పోయినోడు,
గీసే బొమ్మల్లో మాత్రం ఒక్క వైరూ తప్పు పోదు.

కంబగిరి సారు బోర్డు మీద పట్టాలు గీసినాడు.
"పది అంటే గుంతకల్లు జంక్షన్ అప్పా.
ఆడ కాపరముండేకి ఎవురూ దిగరు,
బండి మారేకి దిగతారు."
"మా చిన్నత్త ఆడే కాపరముంది సార్" అన్నాడు ఖాజా.
గదంతా నవ్వింది. సారు గూడా.
ఒక పట్టా ఐటీఐకి, ఒకటి నర్సమ్మల ట్రైనింగుకు,
ఒకటి గీసి, ఏం రాయాల్నో తోచక వదిలేసినాడు.

నాగలచ్చుమ్మ లేచింది.
"సారూ, నలభైరెండేండ్లోళ్లకు ఆగే బండి ఉందా?"
సారు చాక్‌పీసు పట్టుకొని శానాసేపు నిలబడినాడు.
"ప్యాసింజరు ఉందమ్మా.
లేటుగా వస్తాది.
అయితే ఏ స్టేషన్నీ చిన్నదనదు."

కర్ణం అంటే ఊరి కరణం అనుకోంటి ఇన్నాళ్లు.
మూడడుగులు ఒక పక్క, నాలుగు ఇంకో పక్క,
మూల నుంచి మూలకు ఐదు రావాల,
రాకపోతే బండ వంకర, కూలి కోత.
ఇది నాకు ఇరవైరెండేండ్లుగా తెలుసు,
దాని పేరే తెలీదు.
ఖాజా నా పుస్తకంలోకి తొంగిచూసినాడు.
నా పుస్తకంలోకి!
కొంచెం పక్కకు జరిపి పెట్టినా, బాగా కనపడేట్లు.

పాసైతే సర్వేయర్ కోర్సులో చేరమంటాడు సారు.
బండలు కొలిచినోడు భూములు కొలవలేడా అంటాడు.
నా పెండ్లాము ఏమీ అనదు.
రాత్రి లైటు తీసేయదు, అంతే.

అన్నం తిన్నాక నా బిడ్డ డిక్టేషన్ చెప్తాది.
మిషన్ కాడ బురదలో ఏలితో రాసుకుంటా,
మిషన్ తిరిగొచ్చి తుడిచేస్తాది.
మళ్లా రాస్తా.
"ఎవుర్రా బండ మీద కెలికింది" అని ఓనరు అరిస్తే
తల వంచుకొని నవ్వుకుంటా.

రిజల్టు ఇంగా రాలేదు.
మొన్న బెంగుళూరు లోడులో ఒక బండకు
గరుకువైపు బొగ్గుతో నా పేరు రాసినా.
ళ్లా కింద వత్తు సరిగ్గా కుదిరింది.
నునుపు పైకి, పేరు కిందికి,
సిమెంటులో బోర్లా పడుకోనుంటాది ఈపాటికి.
ఎవురో పిల్లోళ్లు దాని మీద కూర్చోని
హోమ్‌వర్కు చేస్తాంటారేమో.
కింద నేనూ.