బొమ్మలు రావక్కా

సబ్బుపెట్టెంత ఉంది.
డిపోలో కంప్యూటర్లు బాగుచేసే ప్రభుదాసు
పాత చార్జరుతో సహా నా చేతిలో పెట్టి
"బొమ్మలు రావక్కా ఇందులో, రంగులు రావు,
వచ్చినవాళ్ల ఊరూ పేరూ అడగదు,
మామూలు బ్రౌజరుకి తలుపే తియ్యదు.
అక్షరాలొక్కటే" అన్నాడు,
జీతం తక్కువ ఉద్యోగం గురించి చెప్పినట్టు.

నాకు అలవాటే.
ఇరవై రెండేళ్లుగా నెహ్రూ బస్టాండులో
అద్దాల గదిలో కూర్చుని
ఉయ్యూరు మీదుగా అవనిగడ్డ,
మైలవరం మీదుగా తిరువూరు అంటూ
మొహం లేని మాటలే పంపుతున్నాను.
ఎవరు విన్నారో తెలీదు.
బస్సు మాత్రం నిండుతుంది.

రాత్రి పదిన్నరకి సింగ్‌నగర్ చేరి
బియ్యం డబ్బా మీది పెట్టె పక్కన కూర్చుని
ఆ రోజుది రాస్తాను.
ఎవరో మర్చిపోయిన గొడుగు.
చిల్లర కోసం కండక్టరుతో పోట్లాడి గెలిచి
గెలిచిన రూపాయి అతనికే ఇచ్చేసిన ముసలామె.
ఎప్పుడో తీసేసిన సర్వీసు
ఎన్నింటికని రోజూ అడిగే ఆయన.
ఒక వరుస, దాని కింద ఇంకో వరుస.
వేరే పేజీకి వెళ్లాలంటే ఒక బాణం గుర్తు,
పక్కన పేరు, బస్సు నుదుటి మీద బోర్డులా.
అంతకు మించి ముస్తాబు పట్టదు అందులో.

"మీవాళ్లు చదువుతారా?" అంది పై వాటా ఇమాంబీ.
మావాళ్లకి దారి తెలీదన్నాను.
"మంచిదేలే" అంది.

బుడమేరు వచ్చిన ఆదివారం
మంచం కోళ్లు మునిగి
నేను సర్టిఫికెట్లు వెతుక్కుంటుంటే
ఆమే దిగొచ్చి
పెట్టెని తన కుక్కర్లో పెట్టి మూత బిగించి
నెత్తికెత్తుకుని మెట్లెక్కింది.
"ఏముందే ఇందులో?"
"ఏం లేదు. మాటలు."
"అదీ, బరువు లేదు."

ఎనిమిది రోజులు కరెంటు లేదు.
ఎనిమిది రోజులు నేను రాసిందేదీ
లోకంలో ఎక్కడా లేదు.
బస్టాండులో మాత్రం
నా పాత రికార్డింగు వేసి బస్సులు నడిపారట.

బురద కడిగాక కుక్కరు మూత తీస్తే
పెట్టెకి పప్పు వాసన.
తీగ తగిలించి ఒక్క వరుస రాశాను:
నీళ్లు తగ్గాయి.

నిమిషం కాలేదు.
నల్ల తెర మీద చిన్న కదలిక,
ఎవరో ఆ పేజీ అడిగారు.
మనిషో, ఊరికే తిరిగే యంత్రమో,
ఇప్పుడే వచ్చారో,
ఎనిమిది రోజులుగా తలుపు తడుతున్నారో.

రెండో వరుస రాశాను:
ఇమాంబీ కుక్కరుకి
కొత్త గాస్కెట్టు కొనాలి.