గొర్రు కట్టే ముందు

హార్షమ్ టౌన్ హాల్లో హీటర్ సగమే పనిచేస్తోంది.
కాన్‌బెర్రా నుంచి వచ్చిన ముగ్గురూ కోట్లు విప్పలేదు.
గోడకి రెండు దేశాల జెండాలు, మధ్యలో టేపు అంటించిన కాగితం:
ఒప్పందం మెరుగుపడాలంటే మీరేమంటారు?
మనిషికి మూడు నిమిషాలు.

తలుపు దగ్గర ఒక ఫారం ఇచ్చారు.
మీరు ఎవరి తరఫున?
రైతు, ఎగుమతిదారు, సంఘం, ఇతరులు.
పెన్ను పట్టుకుని చాలాసేపు
ఆ ఆఖరి గడి దగ్గరే నిలబడ్డాను.

నేను సైలో దగ్గర శనగలకి గ్రేడు వేసే మనిషిని.
పుచ్చెంత, పగులెంత, చెమ్మెంత.
లారీలోకి గొట్టం దించి తీసిన గుప్పెడు గింజల్ని
జల్లించి, ఒక ఇంటి ఏడాది సంగతి
చీటీ మీద రాసిస్తాను.

ముందు లేచింది గ్రేమ్ పోల్నర్.
టోపీ చంకలో పెట్టుకుని
జామ్ సీసా నిండా శనగలు తెచ్చి బల్లమీద ఉంచాడు.
"ఓడ నడిసముద్రంలో ఉంది," అన్నాడు.
"అక్కడ సుంకం మారిపోయింది."
అంతే.
మిగిలిన రెండున్నర నిమిషాలూ
ఊరికే నిలబడి వాడుకున్నాడు.

నా వంతు వచ్చింది.
రాసుకొచ్చిన కాగితం సంచిలోనే ఉండిపోయింది.
కోయిలకుంట్లలో మా చిన్నక్క సంగతి చెప్పాను.
నల్లరేగడి నాలుగెకరాలు,
కోల్డ్ స్టోరేజీలో రెండేళ్ల శనగలు,
వాటి నిద్రకి నెలనెలా అద్దె.
సుంకం ఎత్తేసిన రోజు అక్క ఫోన్ ఎత్తదు.
వేసిన రోజు
గ్రేమ్ తూకం దగ్గర నా మొహం చూడడు.

వెనక ఎవరో కుర్చీ జరిపారు.
"అయితే మీరు ఎవరి పక్క?"
మధ్యలో కూర్చున్నామె, మర్యాదగానే.

జల్లెడ పట్టేవాళ్లని అడిగే ప్రశ్నేనా అది?
అనలేదు. ఇలా అన్నాను:
వేస్తారో తీస్తారో మీరూ మీరూ తేల్చుకోండి.
ఒక్క వాక్యం చేర్చండి చాలు.
ఏం మార్చినా గొర్రు కట్టే ముందు చెప్పండి.
ఇక్కడ మేలో, అక్కడ అక్టోబరులో.
రెండు క్యాలెండర్లూ ఒకే మేకుకి తగిలించుకోండి.
మట్టిలో పడ్డ గింజని
వెనక్కి ఏరుకోవడం ఎవరి తరమూ కాదు.

మూల కూర్చుని టైపు చేస్తున్న అమ్మాయి తలెత్తింది.
"గొర్రు... స్పెల్లింగు చెప్తారా?"

అప్పుడు తెలిసింది, ఆ ఒక్క మాటా
ఇంగ్లీషులోకి దిగనని మొరాయించిందని.
చెప్పబోతుంటే వెనకనుంచి గ్రేమ్,
"సీడర్ అని కొట్టమ్మా. ఆమె చెప్పేది అదే."
అది సీడర్ కాదు.
మూడు కర్రగొట్టాలు, ఒక జడ్డిగం,
వెనకే నడుస్తూ పిడికిలి సందులోంచి గింజలు వదిలే మా అక్క.
కానీ, అవును, అదే.

ఫైళ్లు సర్దుకుని కారెక్కారు వాళ్లు.
సీసాని ఏం చెయ్యాలో తోచక బల్లమీదే వదిలేశారు.
లైట్లు ఆర్పేలోపు మూత తీసి,
అలవాటు కొద్దీ,
ఒక పుచ్చుగింజ ఏరి జేబులో వేసుకున్నాను.