కందెన

మే నెల. కాలువ కట్టేశారు.
ఈ ఊళ్లో రేవు చూడాలంటే ఇదే అదను,
నీళ్లు లేనప్పుడు.

పాత లాకు పడగొట్టి సిమెంటు లైనింగు వేస్తారట.
కొలతలు తెమ్మని నన్ను పంపారు.
ముప్పై మీటర్ల టేపు, ఎం-బుక్కు,
సీసాలో కాగినట్టున్న నీళ్లు.
కర్నూలు ఎండకు టేపు కూడా సాగుతుందని
మా సెక్షన్లో ఒక జోకు.
ఏ లెక్క తేడా వచ్చినా ఎండ మీదకు తోసేస్తాం.

"ఈడనే మేడం, పడవలు నిలబడేది."
లస్కరు మద్దిలేటి
గట్టున చెప్పులు విడిచి
సొంత దొడ్లోకి దిగినట్టు దిగాడు.

రెండు గోడలు, చెక్కిన బండ, గచ్చు.
వాటి మధ్య ఒక పడవంత ఖాళీ.
అందులో కంపచెట్లు, స్కూటర్ సీటు,
బోర్లాపడిన దేవుని పటం,
ఎవరో పెళ్లికి వాడి పారేసిన ఆకుల కట్ట.

అంచు రాయి మీద ఒక గాడి.
వేలు పెట్టి చూడమన్నాడు.
మొదటి కణుపు దాకా మునిగింది.
"తాడు కోసింది మేడం. జనప తాడు.
రాయిని తాడు కోస్తాదని మా జేజి చెప్తే
నవ్వేవోళ్లం."

ఎన్ని పడవలు పోతే ఒక కణుపు?
పత్తి, నీలిమందు, తోళ్లు, బండలు.
ఒక దొరసాని పియానో
కడప దాకా తడవకుండా పోయిందంట.
మళ్లీ వచ్చేటప్పుడు
దొర ఒక్కడే వచ్చినాడంట.

ఇవి మద్దిలేటి లెక్కలు.
నేను చదువుకున్నవి వేరు:
లండన్లో వాటాలు అమ్మారు.
ఇక్కడ నేల తవ్వారు.
వడ్డీకి సర్కారు పూచీ పడింది.
నల్లరేగడి రైతు గట్టున నిలబడి
"కొర్రకు నీళ్లెందుకు దొరా" అన్నాడు.
నీళ్లొచ్చాయి. నీటితీరువా వచ్చింది.
కంపెనీ మునిగిపోయింది,
మోకాలి లోతు కూడా లేని చోట.

తవ్వినవాళ్లలో ఒకామె, తట్టల లింగమ్మ,
మద్దిలేటి జేజికి జేజి.
తట్ట మన్నుకు ఒక గవ్వ,
పొద్దు వాలినాక గవ్వలు లెక్కబెట్టి కూలి.
ధాత కరువేడు ఆమె గవ్వలు పట్టుకుని పోతే
లెక్కబెట్టే మనిషే లేడు.
మూడు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయట,
పిల్లలు వాటితో పులిజూదం ఆడుతారట.
ఈ రేవుకు చేరిన సముద్రం
మొత్తం కలిపి అంతే.

"లస్కరంటే ఏందో తెలుసా?" అడిగాను.
"కాలువకు కాపలా."
"ఓడల్లో పని చేసే మనిషి. సముద్రం మీద."
"సముద్రమా," అని
టవల్‌తో మెడ తుడుచుకున్నాడు.
"మా నాయన లస్కరు. ఆయప్ప నాయనా లస్కరే.
ఒక్కడూ చెప్పల్యా."
కాసేపాగి,
"ఆళ్లకు జీతం ఏమన్నా ఎక్కువుండెనా?"

నాకు తెలియదు. షట్టరు కొలవడానికి పోయాను.

ఆలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు
తుంగభద్ర దాటే ముందు
ఇరుసుకు కందెన పూసుకున్న చోటని
ఊరికి కందనవోలని పేరొచ్చిందంటారు.
నిజమో కాదో.
డిపార్టుమెంటు గ్రీజు ఇవ్వక ఏడేళ్లయింది.
మద్దిలేటి ప్రతి శుక్రవారం
ఆముదంలో గడ్డి బూడిద కలిపి
మర ఇనుముకు పూస్తాడు.
"లేకుంటే అరుస్తాది మేడం. రాత్రిపూట మరీ."

గోడ పొడవు, రాళ్ల వరసలు,
ఇనుప రింగు ఒకటి.
"రింగు రాయొద్దు, బర్రెను కట్టేసుకుంటా"
అంటూ నా బుక్కు పేజీ
తనే తిప్పాడు.
నల్లటి వేలిముద్ర పడింది,
సరిగ్గా మొత్తం వేయాల్సిన చోట.

ఎం-బుక్కులో కొట్టివేతలుండకూడదు.
చింపకూడదు. దిద్దితే సంతకం పెట్టాలి.
మరక గురించి ఏ నిబంధనా గుర్తు రాలేదు.
జీపు వచ్చేదాకా
ఆ పేజీ ఎండలో తెరిచే ఉంచాను.
ఆరలేదు.