గద్వాల అంచు

మగ్గం సప్పుడు ఆగినప్పుడల్లా
మా మామ ఒక్కటే తిట్టు తిట్టేటోడు:
"పో, గద్వాలకు పో. పట్టంచు పెట్టి సాగనంపుతరు."
పేటకు పక్కనే ఆ ఊరు అని తెలుసు.
ఎంత పక్కనో తెల్వది.
నలభై ఏండ్లు కండెలు సుట్టిన,
దారం పోయినంత దూరం నేను పోలే.

అంబుజకు పరీక్ష సెంటర్ అక్కడ పడ్డది.
హాల్ టికెట్ ఫోటోల అది నవ్వలే,
ఆరింటి బస్సుల గూడ నవ్వలే.
మక్తల దాటినంక నాకు నిద్ర వట్టింది.
జూరాల కట్ట మీద మోచెయ్యితో పొడిచి లేపింది:
"అమ్మా, కృష్ణ."
గేట్లన్నీ మూసే ఉన్నయి.
పడుగుకు పట్టిచ్చిన గంజి లెక్క
నీళ్లు కదలకుంట మెరుస్తున్నయి.

కోటంటే రాయి అనుకున్న. ఇది మట్టిది.
బురుజు మీద గడ్డి, గడ్డిల ఒక మేక,
లోపల కాలేజీ, సైకిల్ స్టాండు.
గేటు కాడ పోలీసామె కమ్మలు తీయమన్నది.
బిడ్డ నా అరచేతిల పెట్టి
ఎనకకు జూడకుంట పోయింది.

మూడు గంటలు.
ఒక చాయ్ తాగిన. ఇంకో చాయ్ తాగిన.
కొడుకును తోల్కొచ్చిన కొత్తకోట ఉసేనప్ప
"గుడి జూసొస్తం, వస్తవా అక్కా" అన్నడు.
నా కాళ్లు బజారు దిక్కు పోయినయి.

"కొనకున్నా మంచిదే, జూడు" అని
దుకాణపాయన చీర పరిచిండు.
రంగు జూడలే, జరీ జూడలే,
తిరగేసిన.
నూలు పోగు, పట్టు పోగు
అంచు కాడ ఒకదాని సందుల ఒకటి దూరి
ముడి లేకుంటనే పట్టుకొని ఉన్నయి.
గోరుతోని గీకి జూసిన. ఇడువలే.

"ఏ ఊరక్కా?"
"నారాయణపేట."
మడత పెట్టేటోడు ఆగిండు.
"మరి మీకేం జెప్తం" అని నవ్వి
చాయ్ తెప్పిచ్చిండు. మూడోది.

మా మామ తిట్ల ఉన్నది కుళ్లు అనుకున్న ఇన్నేండ్లు.
ఆయన గిట్ల ఎప్పుడన్న వచ్చి
ఈ బజారుల, ఎవరికీ చెప్పకుంట,
ఒక చీర తిరగేసి జూసి పోయిండేమో.
అడగనీకె మనిషి లేడు.

ఒంటిగంటకు అంబుజ వచ్చింది.
ఎట్ల రాసినవని అడగలే, కమ్మలిచ్చిన.
ఒకదానికి సీల లేదు.
కొంగు దులిపిన, సంచి దులిపిన,
చాయ్ బండి కింద వంగి జూసిన.
"ఇడువమ్మా, బస్సు పోతది."

కిటికీ కాడ కూసోని అడిగింది:
"ఇంతసేపు ఏం జూసినవ్?"
"ఎనక దిక్కు" అన్న.
దానికి సమజ్ గాలే.
ఒంటి కమ్మతోనే నా భుజం మీద పండుకున్నది.
జూరాల వచ్చింది.
లేపుదామనుకున్న, లేపలే.