బతికున్నట్టు కాగితం

నవంబరు మొదటి వారం.
బ్రాడీపేట బ్రాంచిలో నా కౌంటరు ముందు
ఊతకర్రలూ మఫ్లర్లూ దగ్గులూ.
వేలిముద్ర మిషను ఒక్కొక్కరినీ తడిమి చూసి
ఉన్నావు పో, అని పచ్చదీపం వెలిగిస్తుంది.

తాడికొండ పూర్ణానందం గారికి మాత్రం ఎర్రదీపం.
ఏ వేలు పెట్టినా ఎర్రదీపమే.
అద్దం తుడిచాను. ఆయన్ని చేతులు కడుక్కొని రమ్మన్నాను.
"వీటికి గీతల్లేవమ్మా" అన్నాడు
అరచేతులు బల్ల మీద వెల్లకిలా పరిచి.
ఇస్త్రీపెట్టె అంటుకున్న పట్టుగుడ్డలా ఉన్నాయి.

ఫైల్లో ఒక మాట ఉంది:
వీరచక్ర, డిసెంబరు, డెబ్భై ఒకటి.
దానికి నెలనెలా వేరే పద్దు.
ఇన్నేళ్ళూ ఆ అంకె వేశాను గానీ
ఆ మాట చదవలేదు.

సర్వరు పడిపోయింది. కూర్చున్నాడు.
అడిగితేనే చెప్పాడు, అదీ కిటికీకేసి చూస్తూ.

"కాన్‌బెర్రాలో ఇద్దరం.
నా సీటుకో పిడి ఉంటుంది. లాగితే
సీటుతో సహా విసిరేస్తుంది బయటికి.
కురువిల్ల సీటుకి లేదు.
ముక్కులో బోర్లా పడుకుని బాంబులు వదిలేవాడికి
తలుపొక్కటే దారి.

మొదటి చుట్టులో బాంబులు ఊడలేదు.
మళ్ళీ తిరిగాం,
కింద తుపాకులన్నీ మేలుకున్నాక.
అప్పుడు ఊడాయి.
అప్పుడే కుడిరెక్క అంటుకుంది.
పొగ. చౌడవరం కల్లంలో మా అమ్మ
తాలుకాయ తగలబెట్టినప్పటి ఘాటు.

దూకెయ్ కురువిల్లా, అన్నా.
జవాబు లేదు.
తీగె తెగిందో మనిషే తెగాడో.
తెలీనప్పుడు పిడి ఎట్లా లాగుతాను?

నలభై నిమిషాలు మాట్లాడుతూనే ఉన్నా.
మీ కొట్టాయం ఇడ్లీ రాయిరా, అన్నా,
తిడతాడేమోనని.
ఇంకోటి కూడా అన్నా, అది నీకు చెప్పకూడదు.

రన్‌వే పక్కన కిరసనాయిలు దీపాలు పెట్టారు.
కాయ కుప్పల దగ్గర రాత్రి కాపలా లాంతర్లలాగా,
వరసగా. ఇంటికొచ్చేశాం అనుకున్నా.

దిగాక ముక్కు తలుపు కాలుతోంది.
దానికీ ఒక పిడి ఉంది.
ఆ రాత్రి నేను లాగిన పిడి అదే."

ఫ్యాను తిరుగుతోంది.
ఎవరో చలానా పుస్తకం అడిగారు, ఇచ్చాను.

"డాక్టరు చూసి, సరిహద్దు దాటకముందే పోయాడన్నాడు.
అంటే ఇడ్లీ మాట కూడా వినలేదన్నమాట."

సర్వరు రాలేదు. పాత పద్ధతిలో కాగితం తీశాను.
స్వయముగా చూచితిని, జీవించియున్నారు.
కింద నా సంతకం, గుండ్రటి ముద్ర.
ఊదారంగు సిరా ఆరేదాకా
ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"వచ్చే ఏడూ మిషను ఒప్పుకోదేమో సార్"
ఏదో ఒకటి అనాలని అన్నాను.

"అడగనీలేమ్మా.
అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎట్లా."

కర్ర తీసుకుని మెట్లు దిగాడు.
మూడో మెట్టు దగ్గర ఆగాడు,
వెనక ఎవరో వస్తున్నట్టు
కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.

టోకెను నలభై ఏడు, అని పిలిచాను.
గొంతు రాలేదు. మళ్ళీ పిలిచాను.