గిట్టుబాటు

కోసిగిలో సీజనల్ హాస్టల్ అంటే
బడి వెనక రెండు గదులు, ఒక రేకుల వంటిల్లు.
అమ్మానాయనలు గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను పోతే
పిల్లోళ్లు మిగిలే చోటు.
మార్చి దాకా
ఊర్లో తాళాలకే ఎండ తగుల్తాది.

సింగపూరు నుంచి నలుగురు కాలేజీ పిల్లలు వచ్చినారు, పది దినాలకని.
ఇంగ్లీషు నేర్పిస్తారంట, డబ్బు లెక్క నేర్పిస్తారంట.
నేను ఆదోనిలో డిగ్రీ రెండో సంవత్సరం.
నా పని తర్జుమా.
రెండు పూటలా భోజనం, చివర్న ఒక సర్టిఫికెట్టు.

మొదటి దినం షు మిన్ బోర్డు మీద నిలువుగా గీత గీసింది.
ఇటు నీడ్. అటు వాంట్.
చెప్పు వాళ్లకు, అనింది.
నోరు తెరిచినాక తెలిసింది
రెండిటికీ నా దగ్గర ఒకటే మాట ఉందని.
కావాల.
బువ్వ కావాల. బొమ్మ కావాల. అమ్మ కావాల.
అవసరం అని పుస్తకాల మాట ఒకటుంది గానీ
మా ఇండ్లలో అది
ఆస్పత్రికి అప్పు అడిగేటప్పుడే బయటికి తీసేది.

బొమ్మల అట్టలు పంచినారు.
బియ్యం, చెప్పులు, ఐస్‌క్రీము, గొడుగు, సెల్‌ఫోను.
ఉరుకుందమ్మ ఫోనును తీసుకపోయి నీడ్ కింద అంటించింది.
షు మిన్ నవ్వి, మెల్లగా పీకి, అటుపక్క పెట్టింది.
ఉరుకుందమ్మ మళ్లీ లేచింది. మళ్లీ ఇటు.
"రాత్రి ఎనిమిదికి మాయమ్మ దాంట్లోనుంచే కదా వచ్చేది."
ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పినా.
ఇంక ఎవరూ దాన్ని కదిలించలేదు.

వడ్డీ పాఠం నాడు
పదివేలకు, నూటికి మూడు, నాలుగు నెలలకు ఎంత అని
వాళ్ల పిల్లోడు ఫోను మీద వేళ్లాడిస్తాండంగానే
వెనక బల్ల నుంచి దస్తగిరి:
"పన్నెండు నూర్లు. అసలు కాక."
ఎట్ల చేసినావురా?
"చేసేదేముంది? మా ఇంట్లో ఉండేదే."
ఇంట్రెస్ట్ అంటే ఇష్టం అని కూడా అర్థముందని షు మిన్ చెప్పింది.
పిల్లోళ్లు నమ్మలేదు.

గులాబీరంగు పంది డిబ్బీలు ఇచ్చినారు ఆరో దినం.
పందిలో దుడ్లేస్తారా అని ఒకటే నవ్వు.
రెండు దినాలకు వంటామె హుసేనమ్మ
ఒకదాంట్లో ఉప్పు పోసుకునింది.

చివరి దినం సాయంత్రం,
ఏమన్నా అడగండి అంటే, ఉరుకుందమ్మ అడిగింది:
"అక్కా, మీరూ సుగ్గికే వచ్చినారా?
మేస్త్రి ఎంత అడ్వాన్సు ఇచ్చినాడు?"

సుగ్గికి ఇంగ్లీషు ఎక్కడ తెచ్చేది?
హద్దు దాటి కన్నడ దిక్కు పోతే సుగ్గి అంటే పంట, పండగ.
మా దగ్గరికొచ్చేసరికి
మూట కట్టి లారీ ఎక్కడం.
ఊరిడిచి పనికి పోవడం, అని చెప్పినా.

షు మిన్ చానాసేపు ఏమీ అనలేదు.
అడ్వాన్సు ఎవరూ ఇవ్వలేదంట.
వాళ్లే కట్టుకున్నారంట, విమానానికి, బసకు, ఈ అట్టలకు.
సెలవుల్లో కాఫీ కొట్లో కప్పులు కడిగిందంట.
ఎంత కట్టినావు?
ఆమె డాలర్లు చెప్పింది, నేను రూపాయలు చేసినా,
ఉరుకుందమ్మ ఆ రూపాయల్ని
కోసిన మిరపకాయల కిలోలు చేసింది,
సుద్దముక్కతో, బండమీద, సున్నాలు పట్టక పక్కబండకు జరిగి.
చూసుకొని తల అడ్డంగా ఊపింది.
"గిట్టలేదక్కా నీకు."

తొమ్మిది దినాలు మాటల్ని అటూ ఇటూ మోసిన నేను
ఆ ఒక్కదాని దగ్గర నిలబడిపోయినా.
నష్టం అనొచ్చు. కానీ నష్టమని ఆ పాప అనలేదు.
షు మిన్ నా మొకమే చూస్తాంది.

ఉరుకుందమ్మ నా కోసం కాచుకోలేదు.
బోర్డు కాడికి పోయి ఫోను అట్ట పీకి
ఆమె చేతిలో పెట్టింది.
"మీయమ్మకు చెయ్. వస్తాండానని చెప్పు."

నీడ్ కింద జిగురు మరక.
టైము ఏడున్నర.
అప్పటికే వార్డెను గది ముందర
ఇద్దరు ముగ్గురు లైనులో నిలబడినారు.